ఎదురు నీటికి పెట్రోలు ఎక్కువ

పొద్దున్నే బాపిరాజు షట్టరు పైకి తోసి, గుమ్మం ముందు నీళ్లు చల్లి, మోటార్లు పరీక్ష చేసే నీలం డ్రమ్ములోకి గొట్టం వేసి నిలబడేసరికి, వెనక సందులోంచి టూ స్ట్రోక్ మోటారు చప్పుడు వినిపించేది. అది చెవిన పడగానే పక్కన టీ బండి అండాలమ్మ రెండు గ్లాసులు కడిగి విడిగా పెట్టేది. ముందు పొగ వచ్చేది. పొగ వెనక కొమరయ్య వచ్చేవాడు.

కొమరయ్యది చక్రాల కుర్చీ. కుర్చీ వీపుకు బిగించిన చెక్క మీద పడవకు కట్టే పాత యమహా మోటారు ఉండేది. ఆ బరువుకు కుర్చీ వెనక్కి పడకుండా కాళ్ల పలక మీద ఇసుక మూట ఉండేది. కుడి కాలు మోకాలి కింద లేదు కాబట్టి మూటకు చోటు సరిపోయేది. చక్రాలు నేలను తాకేవి కావు. కుర్చీ రోడ్డుకు జానెడు ఎత్తున తేలుతూ, ఆటోల మధ్య కొద్దిగా ఊగుతూ వచ్చి కొట్టు ముందు ఆగేది.

ఎక్కడ పడితే అక్కడ తేలేది కాదు. ఎప్పుడో ఒకప్పుడు నీళ్లు నిలిచిన చోటో, పారిన చోటో అయితేనే ఆ మోటారు అందుకునేది. నీళ్లెరగని నేల మీద స్టార్టు తాడు ఎంత లాగినా దగ్గు కూడా దగ్గేది కాదు. సరూర్‌నగర్ చెరువు ఒడ్డున కొమరయ్య కూతురు ఎస్తేరు కిరాయికుండే గది నుంచి ఎల్బీ నగర్ దాకా పాత కాలువ దారి ఒకటి ఉంది. దాని మీద ఇప్పుడు అపార్ట్‌మెంట్లు, జిమ్ములు, ఒక ఫంక్షన్ హాలు లేచాయి. సందుల్లో మిగిలిన ముక్కలను వెతుక్కుంటూ కొమరయ్య వచ్చేవాడు. కాలువ చెరువులోకి పారేది కాబట్టి పొద్దున కొట్టుకు రావడమంటే ఎదురీత.

"పొద్దుగాల ఎదురు నీరు సేటూ, పెట్రోలు మస్తు తాగుతది" అని రోజూ అనేవాడు. "మాపటికి పోయేటప్పుడైతే ఇంజన్ బంద్ చేసినా పోతది."

ఆ చుట్టుపక్కల అందరికీ అలవాటైపోయింది. చౌరస్తా దగ్గర కానిస్టేబుల్ ఒకసారి ఆపి, "తాతా, హెల్మెట్ ఏది?" అన్నాడు. "పడవల హెల్మెట్ ఎవడు పెట్టుకుంటడు సారూ?" అన్నాడు కొమరయ్య. "మరి లైఫ్ జాకెట్టన్న ఉండాలె గద" అని నవ్వి వదిలేశాడు. ఎండాకాలంలో ఆడవాళ్లు బిందెలు పట్టుకుని సందు మలుపులో కాచుకుని ఉండేవాళ్లు. నడిచే మోటారు పక్కనున్న చిన్న బెజ్జంలోంచి సన్నటి నీటిధార చిమ్ముతుంది కదా, కొమరయ్య మోటారు ఎండిన రోడ్డు మీద కూడా చిమ్మేది. గిన్నెలు కడుక్కోవడానికి పనికొచ్చేవి. తాగడానికి మాత్రం కాస్త చెరువు వాసన.

బాపిరాజుది నరసాపురం. హైదరాబాదులో పడవ మోటార్ల కొట్టు పెడతానంటే బంధువులంతా నవ్వారు. సముద్రం లేని ఊళ్లో ఎవరు కొంటారయ్యా అన్నారు. కానీ సాగర్ నుంచీ డిండి నుంచీ వచ్చే బస్సులు ఎల్బీ నగర్‌లోనే ఆగుతాయి. గోనె సంచిలో చుట్టిన మోటార్లు భుజాన వేసుకుని జాలర్లు అక్కడే దిగుతారు. బాపిరాజు ఆ బస్సులను నమ్ముకుని కొట్టు తెరిచాడు. ఆ కొట్టు మీదే కూతురు అమలను చదివించాడు, పెళ్లి చేశాడు.

కొమరయ్యది కృష్ణ ఒడ్డున చందంపేట వైపు ఒక పల్లె. జనాన్ని ఈ గట్టు నుంచి ఆ గట్టుకు దాటించేవాడు. షుగరు వచ్చి కాలు తీసేశాక, దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ పిల్లల హాస్టల్లో వంట చేసే ఎస్తేరు వెళ్లి తీసుకొచ్చింది. బట్టల మూట ఊళ్లోనే మరిచిపోయాడు గానీ మోటారును మరిచిపోలేదు. గదిలో మంచానికీ గ్యాసు పొయ్యికీ మధ్య అది అడ్డం. ఎస్తేరు ఒకనాడు మోటారునూ తండ్రినీ ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని బాపిరాజు దగ్గరికి వచ్చింది.

"సార్, దీన్ని ఎవరన్న కొంటరా?" అంది.

కొమరయ్య మొహం రోడ్డు వైపు తిప్పుకున్నాడు. బాపిరాజు మోటారు మూత తీసి చూశాడు. ప్రతి బోల్టుకూ గ్రీజు ఉంది. స్టార్టు తాడు చివర పిడి విరిగితే వేపకర్ర చెక్కి పెట్టారు. అది అరచేతి ఆకారంలో అరిగి ఉంది. ఆయన మూత మళ్లీ పెట్టేసి, "ఇది అమ్మే సరుకు కాదమ్మా" అన్నాడు. ఆ సాయంత్రమే కుర్చీ వీపుకు చెక్క బిగించి ఇచ్చాడు.

అప్పటి నుంచీ కొమరయ్య రోజూ వచ్చేవాడు. కార్బొరేటర్లు కడిగేవాడు, ప్లగ్గులు గీకేవాడు. అంతకన్నా ఎక్కువగా మాట్లాడేవాడు. ఆ కొట్టులో మాటలన్నీ ఒకదాని చుట్టే తిరిగేవి. ఎవరి మోటారు వాళ్లకు ముద్దు, ఎందుకు ముద్దో చెప్పుకోవాలి.

డిండి నుంచి వచ్చే నాగార్జున అనే జాలరిది చిన్న మోటారు. "ఉరుకుడు రాదే దానికి. కాని ఒక్కచేత్తోని లేపి భుజానేసుకుని ఇంటికి తీస్కపోత. పక్కన పెట్టుకుని పంట. నా మోటారు పోయిందని ఒక్కనాడన్న పోలీస్ ఠాణాకు పోయిన్నా?" అనేవాడు.

వరదలప్పుడు పడవ నడిపే అభిలాష్ ఒప్పుకునేవాడు కాదు. "ఫోర్ స్ట్రోకే కావాలె అన్నా. సప్పుడుండదు. మొన్న వానలల్ల మూసారాంబాగ్ దిక్కు గల్లీలల్ల తిరుగుతుంటే, ఓ ముసలామె మిద్దె మీదకెళ్లి పిలుస్తున్నది. గొంతు పోయింది ఆమెకు. మీ టూ స్ట్రోకు డబడబలల్ల గా పిలుపు ఇనవడేదా?"

బాపిరాజు తన చిన్నప్పటి కిరసనాయిలు మోటారును తలచుకునేవాడు. "మా నాన్నగారిదండి. ఒక స్పానరూ, ఒక పాత పంచె ముక్కా ఉంటే గోదారి మధ్యలో విప్పి బిగించేసేవోళ్లం. దాని లోపల మనకి తెలీని గది లేదండి. ఇప్పటి మోటార్లలో ఓ గదికి తాళం ఉంటది, ఆ తాళం మన దగ్గరుండదు."

"నీదేంది తాతా?" అని కొమరయ్యను అడిగితే వెంటనే చెప్పేవాడు కాదు. టీ తాగేసి, గ్లాసు కింద పెట్టి, అప్పుడు చెప్పేవాడు. "నా మోటారు సప్పుడు మైలు దూరం ఇనస్తది. అవతలి గట్టు ఇడిసిన్నంటే మా ఇంటామె ఇని ఎసరు పెట్టేది. నేను ఈ గట్టెక్కేవరకు బువ్వ ఉడికేది. ఎన్నడూ సల్లబువ్వ తినలే." అంతే. ఆ తర్వాత ఇంకెవరూ తమ మోటారు గొప్పలు చెప్పేవాళ్లు కాదు.

ఇలా నడుస్తుండగా అమలా, అల్లుడు ఉపేంద్రా స్థలం చూసుకున్నారు. కొత్తపేటలో వాళ్లుండే అద్దింట్లో గోడకు మేకు కొట్టాలన్నా ఇంటివాళ్లను అడగాలి. సొంత ఇల్లు అమలకు ఎన్నాళ్ల కోరికో. నాదర్‌గుల్ దాటి ఇంకా లోపలికి వెళితే ఒక వెంచరు వేశారు. వాళ్ల తాహతుకు కొంచెం ఎక్కువే. కొట్టు అమ్మితే సరిపోతుంది.

"కొట్టుదేముందమ్మా, నేనెన్నాళ్లు చేస్తాను?" అన్నాడు బాపిరాజు. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. రాత్రి భోజనాల దగ్గర ఆయన పెరుగన్నం కలిపి తినకుండా కూర్చోవడం భార్య నాగేశ్వరి చూసింది. "ఏవండీ, ఇష్టం లేకపోతే చెప్పండి. అది మన పిల్లే కదా" అంది. "ఇష్టం లేదని ఎవరన్నారు?" అని ఆయన చెయ్యి కడుక్కున్నాడు.

కొమరయ్యకు చెప్పడం అంతకన్నా కష్టమైంది. ప్లగ్గు గీకుతున్న చెయ్యి ఆపి విన్నాడు. "బిడ్డ ఇల్లు కట్టుకుంటదంటే మంచిదే గద సేటూ" అని మళ్లీ గీకడం మొదలుపెట్టాడు. గీకిన ప్లగ్గునే మళ్లీ గీకాడు.

రిజిస్ట్రేషన్‌కు ముందు అందరూ కలిసి స్థలం చూసి రావాలనుకున్నారు. అమల కొట్టుకు వచ్చి, "తాతగారూ, మీరూ రండి. మా ఇల్లెక్కడో చూద్దురు గాని" అని కొమరయ్యను పిలిచింది. అమల అటు వెళ్లగానే బాపిరాజు కొమరయ్య దగ్గరికి స్టూలు జరుపుకున్నాడు.

"మోటారు ఇక్కడ వదిలేసి రండి కొమరయ్య గారూ."

"కాలు ఇంట్ల ఇడిసిపెట్టి రమ్మంటవా?"

"అయితే తెండి. కానీ అక్కడ తాడు మాత్రం లాగకండి."

"ఎందుకు?"

బాపిరాజు చాలాసేపు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "అక్కడ అది లేచిందనుకోండి, కొట్టు అమ్మడం ఇష్టం లేక ముసలాడు ఆడించిన నాటకం అంటారు. లేవలేదనుకోండి..."

"లేవకపోతే?"

"ఏదో మూల నాకు ఇంకొంచెం ఆశ ఉందండి. అదీ పోతుంది."

కొమరయ్య ఆయన మొహం చూసి, "సరే, లాగ. దేవుని తోడు" అన్నాడు.

ఆదివారం కొమరయ్యకు చర్చి ఉంటుందని శనివారం బయల్దేరారు. కారు డిక్కీలో కుర్చీ, మోటారు. నాగేశ్వరి పులిహోర కట్టింది. వెంచరు ముందు పెద్ద కమాను, రంగురంగుల జెండాలు. కొత్తగా మొరం పోసి చదును చేసిన నేల అద్దంలా ఉంది. పైన శిక్షణ విమానం ఒకటి తూనీగలా తిరుగుతోంది. గొడుగు పట్టుకుని ఏజెంటు ఎదురొచ్చాడు.

అమల చిన్నపిల్ల అయిపోయింది. "ఇక్కడ వంటిల్లు నాన్నగారూ. తూర్పు కిటికీ. ఇదిగో, ఇక్కడ కరివేపాకు మొక్క." గాలిలోనే తలుపులు తీస్తూ, వేస్తూ తిరుగుతోంది. బాపిరాజు వెనకే నడుస్తూ, "బాగుందమ్మా, బాగుంది" అంటున్నాడు. నిజంగానే బాగుందనిపించింది ఆయనకు. ఆ పిల్ల మొహం చూశాక కొట్టు గురించిన బెంగ కాస్త పక్కకు జరిగింది.

కొమరయ్య కారు పక్కనే కుర్చీలో ఉన్నాడు. అమల వెళ్లి కుర్చీ తొయ్యబోయింది. చక్రాలు వదులు మొరంలో కూరుకున్నాయి. ఉపేంద్ర కూడా చెయ్యి వేశాడు. కదల్లేదు.

"మోటారు వెయ్యండి తాతగారూ."

"పెట్రోలు లేదు బిడ్డా."

అమల ట్యాంకు ఊపి చూసింది. లోపల పెట్రోలు గలగలమంది. మోటార్ల కొట్టులో పుట్టి పెరిగిన పిల్ల. వేపకర్ర పిడి పట్టుకుని, కాలు దన్ను పెట్టి, ఒక్క లాగు లాగింది.

మోటారు ఒక్క దెబ్బకే అందుకుంది.

కుర్చీ లేచింది. జానెడు దగ్గర ఆగలేదు. మోకాలెత్తు దాటింది, నడుమెత్తు దాటింది. కొమరయ్య రెండు చేతులతో కుర్చీని గట్టిగా పట్టుకున్నాడు. అమల తలకన్నా పైకి పోయి అక్కడ నిలిచి, నడి చెరువులో లంగరేసిన పడవలా మెల్లగా ఊగసాగింది. మోటారు బెజ్జంలోంచి నీటిధార పడుతోంది. ధారలో నాచు, ఒక నత్తగుల్ల, చివరికి ఒక చిన్న చేపపిల్ల. అది ఎర్రటి మొరం మీద పడి ఎగిరెగిరి కొట్టుకుంది. నాగేశ్వరి గబగబా పులిహోర డబ్బా మూతలో నీళ్లు పట్టి దాన్ని అందులో వేసింది.

ఏజెంటు తల పైకెత్తి చూసి, "మోటారు మంచి కండిషన్‌ల ఉంది సార్" అన్నాడు.

"ఎప్పుడో ఉన్న నీళ్లు" అన్నాడు ఉపేంద్ర. "ఇప్పుడు లేవు కదా. ఎప్పుడో ఉండేవి, అంతే."

అమల ధార కింద అరచెయ్యి పెట్టింది. నీళ్లు చల్లగా ఉన్నాయి. వాసన చూసుకుంది. చీరకు తుడుచుకుంది. తర్వాత, తను ఇందాక వంటిల్లు అన్న చోటుకు వెళ్లి నిలబడి, తల పైకెత్తి, నీళ్లు ఎంత పై వరకు ఉండేవో చూసింది. ఆ తర్వాత తండ్రి వైపు తిరిగింది.

"మీకు ముందే తెలుసా నాన్నగారూ?"

"తెలీదమ్మా. భయపడ్డాను."

"దేనికి? ఇల్లు మునుగుతుందనా, కొట్టు మిగులుతుందనా?"

బాపిరాజుకు అబద్ధం అందలేదు. "రెండిటికీ" అన్నాడు, నేల చూస్తూ.

అమలకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆ తలవంచుకున్న మనిషి చొక్కా జేబులో ఎప్పటిలాగే స్పానరు ఉంది. సొంత కూతురు స్థలం చూడ్డానికి వస్తూ కూడా తీసి ఇంట్లో పెట్టలేకపోయాడు. ఆమె దగ్గరికొచ్చి, "నాతో ఒక్క మాట అనొచ్చు కదా" అంది. అంటూనే ఏడ్చింది. పైనుంచి కొమరయ్య కేకేశాడు, "సేటూ, నేను లాగలే! బిడ్డనే లాగింది! జర నన్ను దించుండ్రి!"

వెనక్కి వచ్చేటప్పుడు కారులో చేపపిల్ల ఉన్న మూతను నాగేశ్వరి ఒళ్లో పెట్టుకుంది. సరూర్‌నగర్ చెరువు దగ్గర ఆపించి అందులో వదిలారు.

ఆ స్థలం వద్దనుకున్నాక ఉపేంద్ర కొన్నాళ్లు మావగారితో సరిగా మాట్లాడలేదు. అతని తప్పేముంది, ఆ స్థలం కోసం సెలవులన్నీ ధారపోశాడు. ఒక సాయంత్రం మాత్రం ఆఫీసు నుంచి నేరుగా కొట్టుకు వచ్చి, బోర్లించిన డ్రమ్ము మీద కూర్చున్నాడు. అండాలమ్మ మూడో గ్లాసు కడిగింది. అతను టీ సగం తాగి, "కొమరయ్య గారూ, వచ్చే శనివారం ఖాళీయేనా? తుర్కయాంజాల్ దగ్గర ఒకటుంది, చూసొద్దాం" అన్నాడు.

అలా మొదలైంది. శనివారం వస్తే కారు డిక్కీలో కుర్చీ, మోటారు. ఒకచోట జానెడు లేచేది, ఒకచోట మోకాలెత్తు. ఇక్కడ కుంట, ఇక్కడ వాగు, ఇక్కడ చెరువు అలుగు అని కొమరయ్య పైనుంచే చెప్పేవాడు. సంగతి నలుగురికీ తెలిసింది. స్థలం కొనబోయే ముందు ఎక్కడెక్కడి వాళ్లో బాపిరాజు కొట్టుకు వచ్చి, "తాతను ఒకసారి తీసుకుపోతాం" అని అడిగేవాళ్లు. ఎస్తేరు నాన్నకు కొత్త చొక్కాలు కుట్టించింది. "మా నాయినను అడగకుండ జాగ కొనకుండ్రి" అని హాస్టల్ పిల్లల తల్లిదండ్రులకు కూడా చెప్పేది. మోటారు అమ్ముదామని తీసుకొచ్చిన రోజు గురించి మాత్రం ఎత్తేది కాదు.

వానాకాలం వెళ్లాక ఒక శనివారం ఇంజాపూర్ గుట్టల వైపు ఒక పాత ఇల్లు చూడ్డానికి వెళ్లారు. రెండే గదులు. రాతి మీద రాయి పేర్చి ఎవరో ముసలి దంపతులు కట్టుకున్నది. వాళ్లు కొడుకు దగ్గరికి వరంగల్ పోతూ అమ్ముతున్నారు. ఉపేంద్రకు బ్యాంకువాళ్లు ఇచ్చే లోనుకు సరిపోతుంది, కొట్టు జోలికి పోనక్కర్లేదు. గుట్ట కింద కారు ఆపి కుర్చీ దించారు.

కొమరయ్య తాడు లాగాడు. మోటారు పలకలేదు. ఉపేంద్ర లాగాడు. పలకలేదు. అప్పుడు బాపిరాజు చొక్కా చేతులు మడిచాడు. ప్లగ్గు తీసి తుడిచాడు, పెట్రోలు గొట్టం ఊది చూశాడు, చోక్ లాగి పెట్టి, తన అనుభవమంతా కూడగట్టుకుని లాగాడు. దగ్గు కూడా దగ్గలేదు. ఇంకోసారి లాగాడు. ఏ లోపమూ లేని మోటారు రాయిలా కూర్చుంది. ఆయన జీవితమంతా మొరాయించిన మోటార్లను కదిలించడంలోనే గడిచింది. ఆ వేళ మాత్రం, తాడు పట్టుకున్న చేత్తోనే మొహం మీద చెమట తుడుచుకుని, పళ్లన్నీ కనిపించేలా నవ్వాడు.

"స్టార్టవదమ్మా! ఎంత లాగినా అవదు!"

అమల చప్పట్లు కొట్టింది. కొమరయ్య మాత్రం మొహం ముడుచుకున్నాడు. తన మోటారు స్టార్టు కాలేదని ఇంతమంది సంబరపడటం ఆయనకు నచ్చలేదు. "దానికేం కాలె. రాయి మీద అదేం చేస్తది?" అని మోటారు మీద తువ్వాల కప్పాడు.

ఇంటి దాకా రాతిమెట్లు. మావా అల్లుడూ చెరో పక్కా వంగి, కొమరయ్యను కుర్చీతో సహా ఎత్తుకున్నారు. "మెల్లగ, మెల్లగ! బోల్తా కొట్టిస్తరా ఏంది?" అని ఆయన దారి పొడుగునా అదిలిస్తూనే ఉన్నాడు. పైకి చేరి గుమ్మం ముందు దింపేసరికి ఇద్దరికీ ఆయాసం. గుట్ట మీది గాలి చల్లగా తగిలింది. దూరాన ఎల్బీ నగర్ మేడలన్నీ కనిపిస్తున్నాయి.

కొమరయ్య ఇంటిని ఒకసారి చుట్టూ చూశాడు. గోడ తట్టి చూశాడు. గడప చూశాడు. తలాడించాడు. అంతా బాగుందనే అనిపించింది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, కింద రాతి వైపు చూసి అడిగాడు.

"అన్నీ మంచిగనే ఉన్నయి గాని బిడ్డా, ఈడ ఎన్నడూ నీళ్లే లేకపాయె. మరి తాగనీకెట్ల?"

అంతవరకు ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. బాపిరాజు ఉపేంద్ర మొహం చూశాడు. ఉపేంద్ర అమల మొహం చూశాడు.

"ట్యాంకర్ తెప్పించుకుంటాం తాతగారూ" అంది అమల, తలుపు గొళ్లెం తీసి లోపలికి నడుస్తూ.